తెరిచి పెట్టిన నల్లా

మా ఆయన దుబాయిలో ఒక పెద్ద మోటారు పడవ మీద పనికి కుదిరాడంటే నేను మొదట నమ్మలేదు. నారాయణఖేడ్‌లో పుట్టి, బోరు మోటార్లు విప్పి బిగిస్తూ బతికిన మనిషి. మా పుట్టిల్లున్న మనూర్ వైపు వాగులో మోకాలి లోతు నీళ్లొస్తేనే చెప్పులు చేత పట్టుకుని వెనక్కి తిరిగే రకం. అలాంటివాడికి సముద్రం మీద ఏం పని?

పని మాత్రం తెలిసిన పనే. పడవలో నీళ్లు, కరెంటు చూసుకోవాలి. ఖేడ్‌లో తను పనిచేసే మోటార్ల దుకాణం మూతపడింది కాబట్టి వెళ్లక తప్పలేదు. మొదటి మూడు నెలలు పని చూసి, నచ్చితేనే ఉంచుకుంటామన్నారట. ఆ మూడు నెలలూ నా ప్రాణం ఫోన్‌లోనే ఉంది.

నిజం చెప్పాలంటే, భయం కంటే నాకు ఆరా ఎక్కువ. వీడియో కాల్‌లో పడవంతా చూపించమని సతాయించేదాన్ని. "చుట్టూ ఉప్పునీళ్లేనాయె, మరి మీరేం తాగుతరు?" అని అడిగితే, నేల మీద ఒక పలక ఎత్తి కింద ట్యాంకు చూపించాడు. ఒడ్డున ఉన్నప్పుడు దాంట్లో మంచినీళ్లు నింపుకుంటారు. పక్కనే చిన్న పంపు. ఎవరైనా నల్లా తిప్పితే అది తనంతట తానే మొదలవుతుంది, కట్టేస్తే ఆగిపోతుంది. కరెంటు కూడా ఒడ్డున ఉన్నంతసేపే బయటినుంచి వస్తుంది. సముద్రంలోకి పోయాక బ్యాటరీలు, జనరేటరే దిక్కు.

"అంటే ట్రాన్స్‌ఫార్మరు, బోరు, ట్యాంకు అన్ని మంచం కిందనే పెట్టుకొని పండుకుంటున్నవన్నట్టు!" అన్నాను.

"గట్లనే అనుకో" అని నవ్వాడు.

"మరి చేతులు కడిగిన నీళ్లు యాడికి పోతయ్?"

"పక్కకు రంధ్రముంటది. సీదా సముద్రంలకే."

ఇంత శుభ్రమైన పడవకు అలాంటి రంధ్రమేమిటని ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

మా ఇంట్లో నీళ్ల సంగతి వేరు. మా గల్లీలో నల్లా ఏ పూట వస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే అందరం నల్లా తెరిచే ఉంచి, కింద ఖాళీ బకెట్ పెడతాం. నేను లోపల మిషన్ మీద జాకెట్లు కుడుతుంటాను. నీళ్లు పడి బకెట్ మోగగానే కత్తెర పడేసి ఉరుకుతాను.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"నా నౌకరి పోయినట్టే. ఓనరు ఇంటోళ్లు వస్తున్నరు. ట్యాంకుల నీళ్లు కారిపోతున్నయ్, యాడ కారుతున్నయో కనవడ్తలేదు."

పొద్దున కెప్టెన్ ఫిల్టర్ ఒకటి చేతికిచ్చి మార్చమన్నాడట. మా ఆయన మార్చాడు. తర్వాత పంపు స్విచ్ వేస్తే, అది ఆగకుండా తిరుగుతూనే ఉంది. సరిగ్గా బిగించలేదని కెప్టెన్ తిట్టి, పంపు ఆపేశాడు. కారేది ఎక్కడో తేలేదాకా పడవ కదలదన్నాడు. తేలకపోతే నువ్వు ఇంటికేనన్నాడు. పలకలన్నీ ఎత్తి చూస్తే ఎక్కడా చుక్క తడి లేదు.

"తడి లేకుంటే మరి నీళ్లు యాడికి పోయినయ్?"

"గదే కదా నా పరేషాన్!"

నాకు ఆ రంధ్రం గుర్తొచ్చింది. తడి లేకుండా పోయాయంటే చేతులు కడిగే తొట్టిలోంచే పోయి ఉండాలి.

"పొద్దుగాల మొఖం యాడ కడుక్కున్నవ్?"

"ఇప్పుడు నా మొఖం సంగతెందుకే నీకు?"

"చెప్పయ్యా ముందుగాల."

"కింద మా చిన్న బాత్రూంల పోయిన. కెప్టెన్ అప్పటికే ఫిల్టర్ కోసమని పంపు బంద్ పెట్టిండట, నీళ్లు రాలే. పైకొచ్చి బాటిల్ నీళ్లతోని కడుక్కున్న."

"రాలే సరే. నల్లా బంద్ చేసినవా?"

మెట్ల మీద దడదడా అడుగుల చప్పుడు వినిపించింది. కాసేపటికి చిన్న గొంతుతో అన్నాడు: "తెరిచే ఉన్నది. కింద మగ్గు గూడ పెట్టిన."

కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆయనా నవ్వాడు. కెప్టెన్ గొణిగాడు గాని, ట్యాంకు నింపించి పడవ కదిలించాడు. ఉద్యోగం నిలిచింది.

చాన్నాళ్లకు సెలవు మీద ఇంటికొచ్చాడు. వచ్చిన మర్నాడు నేను మిషన్ మీదే ఉన్నాను. పొద్దు వాలుతున్నా బకెట్ మోగలేదు. పక్కింటి ఆమె వచ్చి, నీళ్లు వచ్చి పోయాయి కదా, పట్టుకోలేదా అంది. బయటికి వెళ్లి చూస్తే మా నల్లా గట్టిగా కట్టేసి ఉంది.

"నువ్వే కట్టినవా?"

"ఏమో. అటు పోతుంటే చెయ్యి దానంతటదే కట్టింది."

నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే ఏడుపొచ్చింది. ఉద్యోగం నిలబెట్టమని దేవునికి మొక్కుకున్నది నేనే. అది నిలిచి, ఆయన చేతిని మా ఇంటిది కాకుండా చేసింది. సెలవంతా ఆయన వెనకే తిరిగి నల్లా తెరుస్తూ ఉన్నాను.

వెళ్లే రోజు డిపోలో బస్సెక్కి కూర్చున్నాక ఫోన్ చేశాడు.

"నల్లా చూడు జర. మళ్లా కట్టిన్నేమో."

వెళ్లి చూశాను. ఆయన చెయ్యి దాన్ని కట్టలేదు.

"తెరిచే ఉన్నది. కింద మగ్గు గూడ పెట్టినవ్" అన్నాను. ఈసారి ఇద్దరికీ నవ్వు రాలేదు.