చదును అడుగు పైపు

తొంభైల మొదట్లో ఒక మధ్యాహ్నం బిలాస్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో కూర్చుని, చనిపోయిన మా నాన్న పొగాకు పైపును చాకుతో గీకుతున్నాను. అడుగు చదునుగా ఉండి బల్ల మీద నిలబడే పైపు అది. లోపలి మసంతా తీసేసి కొత్తదానిలా చేయాలని నా ఆత్రం.

పక్కనున్న పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏటి బాబూ, అలా గీకేస్తన్నావు? ఎవరిదది?"

"మా నాన్నదండి. ఇక్కడే రైలింజన్ల షెడ్డులో పనిచేసేవారు. పోయారు."

"అచ్ఛా. ఆయన డ్యూటీ దిగొచ్చి కూకుని తాగిన సాయంత్రాలన్నీ ఆ మసిలోనే ఉన్నాయి. పల్చగానైనా ఉండనీ. పైపు కర్ర కాలిపోకుండా కూడా అదే రక్ష."

చాకు మడిచేశాను. ఆయన సంచిలోంచి అలాంటివే నాలుగు పైపులు తీసి మురిపెంగా చూపించి, బండి రాగానే వెళ్లిపోయాడు. ఆయన పేరైనా నేను అడగలేదు.

ఇప్పుడు నా దగ్గరా అలాంటి పైపులు పదకొండున్నాయి. ఆయన ఇంకో నిమిషం ఊరుకుని ఉంటే, నాన్నది నాకు ఉత్త చెక్కముక్కే మిగిలేది.