అవసరం లేని మునిరత్నమ్మ

తన ఉద్యోగాన్ని తన చేత్తోనే, అదీ గుండ్రటి అక్షరాలతో ఊడగొట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. నా ఒక్కదాని ఉద్యోగమే అయితే నవ్వేసి వదిలేద్దును. బంగారంలాంటి జయమ్మను కూడా నాతోపాటు ముంచాను. పెన్నుతో ఇంత నాశనం చేయవచ్చని ముందే తెలిసి ఉంటే, మా అయ్య నన్ను ఆ ఐదో తరగతి దాకా కూడా బడికి పంపి ఉండేవాడు కాదు.

మాది కుందారపల్లి. పెళ్ళయ్యాక హోసూరు వచ్చి, బండ్లకు వైర్ల కట్టలు కట్టే ఫ్యాక్టరీలో చేరాను. పెద్ద పలక మీద ఎర్ర వైరు, నల్ల వైరు, పచ్చ వైరు వేటి దారిలో వాటిని పరిచి టేపు చుట్టడం మా పని. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జనం చేతుల్లోకి వస్తున్న రోజులవి. నాతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్ళున్న లైనుకు నన్నే లీడర్ చేశారు. ఆ రోజు నుంచి నా మెడ కొంచెం బిగుసుకుంది. ఇంట్లో కూర తరిగినా లీడర్ లాగే తరిగేదాన్ని.

ఆ పన్నెండు మందిలో ఇద్దరి సంగతి మీకు తెలియాలి. ఒకరు జయమ్మ. ఆమె చేతులు చూస్తే కునుకు తీస్తున్నాయేమో అనిపిస్తుంది గానీ, కట్టలో ఒక్క తప్పు దొరకదు. ఇల్లు ఫ్యాక్టరీ గోడ వెనకాలే. మంచాన పడిన అత్త ఉంది. భోజనాల బెల్లు కొట్టగానే జయమ్మ ఇంటికి వెళ్ళి, అత్తకు సంగటి తినిపించి, రెండో బెల్లుకు పలక ముందు ఉండేది.

రెండో మనిషి సరోజ. గాలివానకు చీర కట్టినట్టు ఉంటుంది. ఆమె కట్టిన వైర్లు బిగించిన బండికి ఎడమ ఇండికేటర్ వేస్తే హారన్ మోగిందని ఫిర్యాదు వచ్చింది. "మోగింది గదా, మోగకుండా పోలేదు గదా!" అని వాదించిన ఘనురాలు.

ఇలా ఉండగా విజయవాడ వైపు నుంచి ప్రసాదరావుగారని కొత్త హెచ్.ఆర్. మేనేజరు వచ్చారు. మా లైనంతా తెలుగువాళ్ళమని తెలిసి ఆయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగింది. నన్ను గదికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ ఫ్యాక్టరీలో నేను కుర్చీ ఎక్కడం అదే మొదలు.

"మునిరత్నమ్మ గారూ, వచ్చే ఐదేళ్ళలో కంపెనీ ఎక్కడికి చేరాలో ముందే అనుకున్నామండీ. దానికి తగ్గట్టు మనుషుల్ని ఇప్పట్నుంచే అమర్చుకోవాలి. దీన్నే స్ట్రాటజీ అంటారు."

"పెండ్లి వంటకు ఆడోళ్ళను ఏరుకున్నట్టు గదా సార్?"

"అచ్చం అంతేనండీ! కొత్త మోడల్ లైను ఇక్కడే పెడుతున్నాం. చాలా నాజూకు పని. ఆరుగురు ఇక్కడ ఉంటారు, ఆరుగురు బర్గూరు షెడ్డుకి వెళ్తారు. ఎవరి సంగతేమిటో మీకే బాగా తెలుసు. ప్రతి పేరు పక్కన అవసరమో, అవసరం లేదో రాసి, కారణం కూడా రాయండి."

"నా పేరుకు కూడానా సార్?"

"మొహమాటం లేకుండా రాయండి. తొందరేమీ లేదు, రేపివ్వండి."

"ఇందులో తొందరేముంది సార్, రాసిస్తాను."

ఇక్కడ కాస్త ఆగండి. మీ ఊళ్ళో అవసరమంటే కావలసి ఉండటం. మాకు ఒక పక్క తమిళం, ఇంకో పక్క కన్నడం, నడుమ మా తెలుగు. మా ఇంట్లో అవసరమంటే ఉరుకులాట. కదిలే బస్సును పట్టుకోవడానికి ఒక చెప్పు రోడ్డు మీదే వదిలి ఎక్కేస్తామే, అది అవసరం. నాజూకు పనికి ఉరికేవాళ్ళు పనికిరారని పేరు పేరునా ఆరా తీస్తున్నాడు, ఎంత తెలివైన మేనేజరు అనుకున్నాను. జయమ్మను ఇక్కడే నిలబెట్టాలని గట్టిగా తీర్మానించుకుని, నాలుక బయటపెట్టి మరీ రాశాను.

జయమ్మ: "అవసరం లేదు. ఎప్పుడూ లేదు. ఇంత అవసరం లేని మనిషి మన ఫ్యాక్టరీలోనే లేదు."

సరోజ: "చాలా అవసరం. పొద్దున గేటు దగ్గర మొదలుపెడితే సాయంత్రం దాకా అవసరమే."

చివర నా పేరు. మా అమ్మ కడుపులో నేను పదో నెల దాటినా బయటికి రాకుండా నింపాదిగా కూర్చున్నానట. అది గుర్తొచ్చి గర్వంగా రాశాను: "నాకు పుట్టినప్పటి నుంచి అవసరం లేదు. మా అమ్మను అడిగినా ఇదే చెప్తుంది."

కాగితం చదువుతూ ప్రసాదరావుగారు నా వైపు జాలిగా చూశారు. మెచ్చుకుంటున్నారనుకుని నేను తల వంచుకున్నాను.

వారం తిరిగేసరికి నోటీసు బోర్డు మీద జాబితా పడింది. అందరికంటే ముందు పరిగెత్తింది ఎవరో చెప్పాలా?

"నేను ఈడనే! కొత్త లైనుకు లీడర్ కూడా నేనే!" అని సరోజ ఎగిరింది. మరుక్షణం, "మునిరత్నక్కా, నువ్వు బర్గూరంట. మొదటి పేరే నీది!" అంది.

నేను బోర్డు దగ్గరికి వెళ్ళాను. చూస్తే, రెండో పేరు జయమ్మది.

"ఏమమ్మా లీడరమ్మా, మమ్మల్ని యాడికి తోలినావు?" అని మిగతావాళ్ళు నన్ను చుట్టుముట్టారు. జయమ్మ మాత్రం జాబితా రెండుసార్లు చదివి, మెల్లగా అంది:

"బర్గూరుకు పోతే మా అత్తకు మద్దేన్నం సంగటి ఎవరు తినిపిస్తారు మునిరత్నా? నేను పని మానుకుంటాను, పోనీలే."

ఆ మాట కూడా అవసరపడకుండానే చెప్పింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళి పడ్డాను.

"ఏం సార్ ఇట్లా చేసినారు? జయమ్మను ఏమిటికి పంపిస్తాండారు?"

"అవసరం లేదని మీరే రాశారు కదండీ!"

"అవును సార్, రాసినాను. ఆయమ్మకు అవసరం లేదు. నిజమే గదా?"

"మరి అవసరం లేని మనిషిని ఎందుకండీ ఉంచుకోవడం?"

"అవసరం లేని మనిషినే గదా సార్ ఉంచుకోవాలా! అవసరమున్నోళ్ళను పెట్టుకుంటే కంపెనీ మునిగిపోతుంది!"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ గురించి మీరే రాసుకున్నారు. పుట్టినప్పటి నుంచి అవసరం లేదట. అమ్మగారిని కూడా సాక్ష్యం పెట్టారు. అది చదివిన రాత్రి నాకు అన్నం దిగలేదండీ!"

"అది మంచి గుణం గదా సార్!"

"మునిరత్నమ్మ గారూ, అసలు ఎందుకండీ ఇంత తొందర?"

"తొందరా! నేను ఎవురికి తొందర ఇచ్చినాను సార్? ఈ ఫ్యాక్టరీలో ఒక్కరు చెప్పమనండి!"

ఆయన జుట్టు పీక్కోబోతుండగా తలుపు ధనామని తెరుచుకుంది. కొత్త లీడర్ సరోజ, థాంక్స్ చెప్పడానికి వచ్చింది. గడప తట్టుకుంది, కుర్చీని గుద్దింది, "థాంక్స్ సార్!" అంటూ బల్ల మీద వాలింది. ఆయన కాఫీ అంతా జాబితా మీద ఒలికింది. అది తుడవబోయి సిరా సీసాను కూడా దొర్లించింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇదిగో సార్! దీన్నే మేము అవసరం అంటాము!"

ప్రసాదరావుగారు సరోజను చూశారు, నన్ను చూశారు, తడిసిన జాబితాను చూశారు.

"దీన్ని... దీన్ని మేం తొందర అంటామండీ!"

"అయ్యో, అది వేరే సార్! తొందరంటే తంటా. ఇప్పుడు నేను మీకు ఇచ్చినానే, అది!"

ముందు నవ్వింది జయమ్మ. కలిసి పనిచేసిన అయిదేళ్ళలో ఆమె గట్టిగా నవ్వడం అదే మొదటిసారి చూశాను. ప్రసాదరావుగారు కూడా నవ్వి నవ్వి, సిరా చేతులతో కళ్ళు తుడుచుకుని ముఖమంతా నీలం చేసుకున్నారు. ఆ ముఖంతోనే నా కాగితం మళ్ళీ తీసి, అవసరం ఉన్నచోట లేదనీ, లేనిచోట ఉందనీ దిద్దుకున్నారు. జయమ్మ హోసూరు ఫ్యాక్టరీలోనే నిలిచింది, మధ్యాహ్నం సంగటి ఆగలేదు. నేనూ నిలిచాను. సరోజను బర్గూరు షెడ్డులో లోడింగ్ దగ్గర పెట్టారు. లారీ ఇంజిను ఆపే లోపల సరుకు ఎక్కించేసి, డ్రైవర్‌కు టీ తాగే వ్యవధి కూడా ఇవ్వదని అక్కడివాళ్ళు మెచ్చుకున్నారు. మనిషిని చూసి పని అమర్చడమే స్ట్రాటజీ అయితే, అది ఆ కాఫీ ఒలకడంతోనే మొదలైంది.

ప్రసాదరావుగారు బదిలీ అయి వెళ్ళేటప్పుడు సభలో నన్ను లేపి నిలబెట్టి, "పుట్టినప్పటి నుంచి అవసరం లేని ఈ మునిరత్నమ్మ గారే మాకు అందరికంటే అవసరం" అన్నారు. బయటివాళ్ళు చప్పట్లు కొట్టారు. మా లైను ఆడవాళ్ళు మాత్రం, "ఏందమ్మా, మునిరత్నకు ఏమి అవసరమొచ్చింది?" అని కంగారుగా నా కాళ్ళ వైపు చూశారు.

ఆ రోజే, నా టేపు చుట్ట మీద చెయ్యి పెట్టి, మెడ బిగించి, లీడర్ హోదాలో ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ కాగితం మీదా అవసరమనే మాట రాయను. రాయక తప్పకపోతే, అది హోసూరు అవసరమో విజయవాడ అవసరమో పక్కనే రాసి, కింద మా అమ్మ చేత వేలిముద్ర వేయిస్తాను.