పిల్లలు: లేరు

2019 వేసవి. జహీరాబాద్ బస్టాండుకు కాస్త దూరంలో, మందుల షాపు పైఅంతస్తులో మా ఆఫీసు ఉండేది. విదేశీ చదువుల కన్సల్టెన్సీ అని బోర్డు. నేను అక్కడ డాక్యుమెంటేషన్ చూసేదాన్ని. అంటే విదేశం వెళ్లాలనుకున్నవాళ్ల సర్టిఫికెట్లు పోగుచేయడం, ఫారాలు నింపడం, అన్నీ ఒక ఫైలుగా కట్టి ఆన్‌లైన్‌లో వీసా ఆఫీసుకు పంపడం. కుర్చీ కదలకుండా చేసే పని. ఇందులో నాకు తెలియంది లేదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎట్లా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా నాన్నగారు భీమవరం దగ్గరి ఊరి నుంచి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చారు. నేను ఇక్కడే పెరిగినా మా ఇంటి యాస నన్ను వదల్లేదు. ఆఫీసుకు వచ్చిన పిల్లలు "మీది ఆంధ్రానా మేడం" అని నవ్వేవారు, తర్వాత ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతులు కూడా నాకు చెప్పుకునేవారు. బయటి మనిషితో చెప్పుకోవడం తేలిక కాబోలు.

ఆ రోజుల్లో మాకు నర్సింగ్ ఫైళ్లు బాగా పెరిగాయి. ఇంటర్ తర్వాత చదివే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమాను జీఎన్ఎం అంటారు. అది చదివి, ఇక్కడి ప్రైవేటు దవాఖానల్లో పన్నెండు గంటల డ్యూటీలు చేసి విసిగిపోయిన ఆడపిల్లలు కెనడా దారి పట్టారు. అక్కడి కాలేజీలో రెండేళ్లు చదవాలి. ఆ తర్వాత వర్క్ పర్మిట్, అంటే చదివినవాళ్లకు కొన్నేళ్లు పనిచేసుకోవడానికిచ్చే అనుమతి. నర్సు లైసెన్స్ పరీక్ష రాయాలి. ఇవన్నీ అయ్యాక పీఆర్‌కు అర్జీ పెట్టుకోవాలి. పీఆర్ అంటే పర్మనెంట్ రెసిడెన్సీ, ఆ దేశంలో శాశ్వతంగా ఉండే హక్కు. దానికి మళ్లీ ఇంగ్లిష్ పరీక్ష, పని అనుభవం, పోలీసు క్లియరెన్స్, కుటుంబంలో అందరి వైద్యపరీక్షలు. మేము స్టూడెంట్ వీసా ఇప్పించి చేతులు దులుపుకునేవాళ్లం. పీఆర్ చూసే అధికారి మొదట పంపిన కాగితాలు కూడా తీసి పక్కన పెట్టుకుంటాడని మాకు తెలుసు. అయినా పట్టించుకోలేదు.

మంజుల అప్పుడు వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు, జీఎన్ఎం, ఊళ్లోని ఒక ప్రైవేటు దవాఖానలో స్టాఫ్ నర్సు. మొగుడంపల్లి మండలంలో అల్లం, చెరకు పండించే రైతుల ఇంటి పిల్ల. భర్త చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద ప్రమాదంలో పోయాడు. అప్పటికి కూతురు శ్రావణికి ఏడాది కూడా నిండలేదు. మంజుల అన్న నర్సింలుకు పిల్లల్లేరు. ఆయన భార్య కమలమ్మ ఆ పసిదాన్ని ఒళ్లోకి తీసుకుంది, మంజుల మళ్లీ డ్యూటీకి వెళ్లింది.

దత్తత కాగితాలేమీ లేవు. ఇక్కడి ఊళ్లల్లో చెల్లెలి బిడ్డను సాదుకుంటే, అంటే పెంచుకుంటే, కాగితం ఎవరు రాసుకుంటారు? పదిమందికీ తెలిస్తే చాలు. పిల్లకు ఆధార్ తీసేటప్పుడు తండ్రి నర్సింలు, తల్లి కమలమ్మ అని రాయించారు. తండ్రి లేని పిల్ల అని బడిలో ఎవరూ అనకూడదని వాళ్ల ఆలోచన. ముగ్గురూ కలిసి, మంచి మనసుతో చేసిన పని అది. పిల్ల మంజులను అత్త అని పిలిచేది.

కుటుంబ వివరాల ఫారం నింపుతూ పిల్లల గడి దగ్గర ఆగాను. "పిల్లలున్నారా?" అని అడిగాను.

"ఉన్నది మేడం, ఒక బిడ్డ. మా అన్న సాదుకుంటుండు. రాయాల్నా?"

"ఆధార్‌లో ఎవరి పేరుంది?"

"అన్న పేరే."

"మరింకేం, కాగితాల్లో నీ బిడ్డ కాదు కదమ్మా. రాస్తే ఆ పేపరేదీ ఈ పేపరేదీ అంటారు. వదిలేద్దాం."

మంజుల ఫారంలోని ఆ గడి వంక చూసింది. తర్వాత "నాకేం ఎరుక మేడం, మీరే చూసుకోన్రి" అంది. నేను పిల్లలు లేరని టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టించాను.

మా ఆఫీసుల్లో క్లీన్ ఫైల్ అని ఒక మాట ఉండేది. తక్కువ మనుషులు, తక్కువ కాగితాలు, ప్రశ్నలు రాని ఫైలు అని అర్థం. వితంతువు, చిన్నపిల్ల, పిల్ల కాగితాల్లో వేరేవాళ్ల పేర్లు అంటే మాకు తలనొప్పి ఫైలు. మా దగ్గరే కాదు, నేనెరిగిన చాలా ఆఫీసుల్లో ఇదే తంతు. నేను మంజులకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆరు వారాల్లో వీసా వచ్చింది. మిఠాయి డబ్బాతో వచ్చి నా కాళ్లకు మొక్కబోతే, ఆపి కౌగిలించుకున్నాను కూడా.

నాలుగేళ్లు గడిచాయి. మంజుల ఒక్క మెట్టూ జారలేదు. చదువు పూర్తిచేసింది, లైసెన్స్ పరీక్ష మొదటిసారే పాసైంది, ముసలివాళ్లను చూసుకునే ఒక హోమ్‌లో నర్సుగా చేరింది. మూడేళ్ల వర్క్ పర్మిట్‌లో ఇంకా ఏడాది మిగిలి ఉండగానే పీఆర్‌కు పిలుపు వచ్చింది. దాన్ని ఇన్విటేషన్ అంటారు. వచ్చిన అరవై రోజుల్లో అర్జీ పంపాలి. 2023లో ఒక సాయంత్రం నేను ఆఫీసు సర్దుకుంటుంటే వీడియో కాల్ చేసింది. అక్కడ పొద్దున్న, ఇంకా యూనిఫాంలోనే ఉంది.

"మేడం, ఈ ఫారంల మల్ల పిల్లల గడి ఉన్నది. ఎంట రాకున్నా రాయాలె, వేరేటోళ్ల తాన పెరుగుతున్నా రాయాలె అని ఉన్నది. నాతోని పనిజేసే అక్క చెప్పింది, ఇప్పుడు చూపియ్యకుంటె తర్వాత బిడ్డను తెచ్చుకునుడు అయితలేదంట. నిజమేనా?"

నిజమే. పీఆర్ అర్జీలో చూపించకుండా, వైద్యపరీక్ష చేయించకుండా వదిలేసిన బిడ్డను తర్వాత స్పాన్సర్ చేసి తెచ్చుకోవడానికి దారి దాదాపు మూసుకుపోతుంది. ఇప్పుడు చూపిస్తే మొదటి ఫారంలో ఎందుకు దాచావని అడుగుతారు. రెండు దారులూ ఆమెకు విడమరిచి చెప్పాను. లేదని రాస్తే పీఆర్ రావచ్చు, బిడ్డ మాత్రం ఇక్కడే. ఉందని రాస్తే బిడ్డ రావచ్చు, లేదా మొత్తం పోవచ్చు.

మంజుల ఎంతోసేపు ఆలోచించలేదు. "బిడ్డ కోసమే గదా మేడం ఇంత దూరం వచ్చిన. ఇంకోపాలి లేదని నా చేత్తోని రాయ" అంది.

వాళ్ల ఊరికి నేనే వెళ్లాను. పిల్లకు హైదరాబాద్‌లో వైద్యపరీక్ష చేయించాలి, శ్రావణి మంజుల కన్నబిడ్డేనని నర్సింలు దంపతులు అఫిడవిట్ ఇవ్వాలి. నర్సింలు నా మాటంతా తలొంచుకుని విన్నాడు. చివరికి "నాడు కాగితాలల్ల మా బిడ్డే అన్నరంట. ఇయ్యాల కాదంటున్నరు. ఏది నిజం మేడం?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

కమలమ్మ లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక కళ్లు వాచి ఉన్నాయి. "కన్నది ఆమె. పానం కొట్టుకుంటది గదా. సంతకం ఏడ పెట్టాలె?" అంది. పెన్ను పట్టుకోవడం సరిగా రాక కాగితం రెండుచోట్ల చిరిగింది. ఇంకో కాపీ ఇచ్చాను. ఆ చేతికి రెండోసారి పని చెప్పినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

పిల్లకు అప్పుడు ఏడేళ్లు. వైద్యపరీక్షకు కమలమ్మే తీసుకొచ్చింది, నేనూ వెంట ఉన్నాను. కౌంటర్‌లోని అమ్మాయి కాగితం చూసి "తల్లి పేరు మంజులే కదా?" అని గట్టిగా అడిగింది. శ్రావణి మొదట కమలమ్మ వంక, తర్వాత నా వంక చూసింది. దారిలో ఎక్కడో తీరిగ్గా చెబుదామనుకున్నారు పెద్దలు, ఆ వీలు దొరకలేదు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు పిల్ల ఒక్కటే అడిగింది, "అత్త నాకు అమ్మనా? మరి నువ్వేంది?" అని. కమలమ్మ పిల్ల తల నిమురుతూ కూర్చుంది.

అర్జీ వెళ్లింది. కొన్ని నెలలకు వీసా ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అట్లాంటిదాన్ని ఫెయిర్‌నెస్ లెటర్ అంటారు. మీ అర్జీ మీద మాకు ఫలానా అనుమానం ఉంది, తిరస్కరించేముందు మీ మాట వింటాం అని దాని సారాంశం. 2019లో పిల్లలు లేరని ఎందుకు రాశారో చెప్పమన్నారు. మంజుల ఫోన్ చేసింది. "మీరు చెప్తెనే రాయలేదని మీ ఆఫీసు తరఫున ఒక లెటర్ ఇస్తరా మేడం?"

మా యజమాని ఆ ఉత్తరం చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రమ గారూ, అదంతా రాసిస్తే రేపు మన పాత ఫైళ్లన్నీ తిరగేస్తారు. టైపింగ్‌లో పొరపాటు జరిగిందని రాయండి, చాలు" అన్నారు.

ఆఫీసు తరఫున కాకపోతే నా సొంత పేరుతో ఇవ్వచ్చు. ఆమె అడిగింది, నేనే వద్దన్నాను అని అఫిడవిట్ రాసి నోటరీ చేయిస్తే సరిపోయేది. నోటరీ మా మెట్లు దిగితే రెండో గదిలోనే కూర్చుంటాడు. నాకు భయం వేసింది. ఉద్యోగం పోతుందని, కేసు అవుతుందని, ఊళ్లో పరువు పోతుందని. టైపింగ్‌లో పొరపాటు వల్ల ఆ వివరం జారిపోయిందని నాలుగు లైన్లు రాసి పంపాను. మంజుల చదువుకుని, "మంచిగ రాసిన్రు మేడం, పుణ్యముంటది" అని మెసేజ్ పెట్టింది. ఆ మెసేజ్‌కు నేను జవాబివ్వలేదు.

తిరస్కరించారు. పొరపాటన్న వివరణ నమ్మేలా లేదని, ఫారం మీద ఆమె సంతకమే ఉందని రాశారు. మిస్‌రిప్రజెంటేషన్, అంటే నిజం దాచి అర్జీ పెట్టడం కింద తేల్చారు. ఐదేళ్లు ఆ దేశంలోకి రాకూడదు. నేను నిజం రాసిస్తే తీర్పు మారేదా? మారకపోవచ్చు కూడా. కానీ ఆమె తరఫున ఒక్క నిజమైన సాక్ష్యం కూడా ఆ ఫైల్లో లేకుండా చేసింది నేను. ఇది నేను ఎవరి మీదా నెట్టలేను.

2025 మొదట్లో మంజుల తిరిగొచ్చి పాత దవాఖానలోనే చేరింది. పిల్లను తెచ్చుకుందామని ఒక గది అద్దెకు తీసుకుంది. శ్రావణి రెండు వారాలు ఉండి, అన్నం మానేసి, ఊరికి వెళ్లిపోయింది. అక్కడా మునుపటిలా లేదట. మంజులను అత్త అనడం మానేసింది, కమలమ్మను అమ్మ అనడమూ మానేసింది. ఇద్దరిలో ఎవరితో పనిపడినా "ఇగో" అని పిలుస్తుందట. కూరగాయల మార్కెట్లో కమలమ్మ కనిపించి ఈ మాట చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుని బస్సు ఎక్కింది. కనీసం నన్ను తిట్టనైనా తిట్టలేదు.

అదే నెలలో మంజుల ఆఫీసుకు వచ్చింది. పాత ఒరిజినల్ సర్టిఫికెట్లు కొన్ని మా దగ్గరే ఉండిపోయాయి. అవి తీసుకుని, లెక్క సరిచూసుకుని, లేవబోతూ ఆగింది.

"ఒక్క మాట అడుగుత మేడం. నాడు బిడ్డ పేరు రాస్తె వీసా రాకపోవునా?"

ఇంకోసారి అబద్ధమాడే ఓపిక లేకపోయింది. "వచ్చేది మంజులా. బిడ్డ ఇక్కడుంటే తిరిగొస్తావనే నమ్మకం వాళ్లకు ఇంకా ఎక్కువ ఉండేది. నాలుగు కాగితాలు ఎక్కువ పెట్టాల్సొచ్చేది, అంతే."

"మరెందుకు వద్దన్నరు?"

"నాకు పని తక్కువవుతుందని."

అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండనుకున్నాను. "డ్యూటీకి టైమైతుంది" అని సర్టిఫికెట్ల కవరు చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది. ఆ తర్వాత రోడ్డు మీద ఎదురైనా నావైపు చూడదు. చూడాల్సిన అవసరం ఆమెకు లేదు.

ఆ ఆఫీసు మానేశాను, కానీ నాకు తెలిసిన పని ఇదొక్కటే, వేరేచోట ఇదే చేస్తున్నాను. ఈ కేసు నాకు నేర్పింది చెప్పడానికి సిగ్గుగా ఉంది. తప్పుడు సలహా ఇచ్చినవాళ్లం మేము హాయిగానే ఉంటాం, సంతకం పెట్టిన మనిషి మాత్రం ఆ బరువు మోస్తుంది. అందుకే ఇప్పుడు సంతకానికి ముందు ప్రతి గడినీ తెలుగులో చదివి వినిపిస్తాను, ఏది దాచితే పీఆర్ నాటికి ఏమవుతుందో చెబుతాను. చాలామంది విసుక్కుంటారు. ఫోన్ చూసుకుంటూ "మీరే చూసుకోన్రి మేడం" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను ఆ గడి దగ్గరే ఆగి, మళ్లీ మొదటి నుంచి చదువుతాను.