చండీశ్వరుడి ముందు చప్పట్లు

మొన్న మా పాప చూస్తున్న జపాన్ కార్టూన్‌లో ఓ అమ్మాయి ఎర్రటి ద్వారం దాటి, గుడి ముందు రెండు చప్పట్లు కొట్టి దణ్ణం పెట్టుకుంది. నా అరచేతులు చురుక్కుమన్నాయి.

చిన్నతనంలో అమెరికాలోని రెడ్‌మండ్‌లో ఉన్నప్పుడు నేనూ అలాంటి కార్టూన్లే చూసేదాన్ని. దేవుణ్ణి పిలిచే పద్ధతి అదేననుకున్నాను. ఓ శనివారం మా గుళ్ళో, కర్పూర హారతి వెలుగుతుండగా, శివుడి ముందు గట్టిగా రెండు చప్పట్లు కొట్టాను. పూజారిగారి మంత్రం ఆగిపోయింది.

"స్టాపిట్! అందరూ చూస్తున్నారు," అని అమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ నన్ను పక్కనున్న చిన్న విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళింది. "ఈయన చండీశ్వరుడు తల్లీ, శివుడి భక్తుడు. ఎప్పుడూ ధ్యానంలోనే ఉంటాడు, చప్పట్లు కొడితేగానీ కళ్ళు తెరవడు. ఇక్కడ కొట్టు," అని తనూ నాతోపాటు కొట్టింది.

అమ్మమ్మ కూడా మధ్యాహ్నాలు దొంగచాటుగా ఆ కార్టూన్లు చూస్తోందని చాలా రోజులు నమ్మాను. నన్ను తప్పుపట్టకుండా, నా చప్పట్లకు తగిన దేవుణ్ణి అప్పటికప్పుడు వెతికిపెట్టిందని పెద్దయ్యాక అర్థమైంది.

"అమ్మా, మన టెంపుల్‌లో అలా కొట్టొచ్చా?" అంది పాప, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

"కొట్టొచ్చు. ఎక్కడో నేను చూపిస్తాగా," అన్నాను.