ఇరవయ్యో నంబరు టోకెను

ముప్పై ఒక్క ఏళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గర టైమ్ ఆఫీసులో కూర్చున్నదాన్ని. లోపలికి ఎంతమంది వెళ్ళారు, బయటికి ఎంతమంది వచ్చారు, ఈ రెండు అంకెలూ సాయంత్రానికి సరిపోవాలి. నా ఉద్యోగం అంతే. దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే, వాటిని ఏ వరసలో రాయాలో నాకు తెలియదని చెప్పి లేచిపోయేదాన్ని.

ఒకసారి చనిపోయిన ఫిట్టరు టోకెను, అంటే అతని నంబరు వేసిన బిళ్ళ, రోజూ బోర్డు మీద కదులుతోందని మా షాపు ఫ్లోరులో పుకారు లేచింది. వారం రోజులు కనిపెట్టి చూశాను. ఆ నంబరును కొత్తగా చేరినవాడికి ఇచ్చారు, ఆ సంగతి రిజిస్టరుకు ఎక్కలేదు. అంతకు మించి ఏమీ లేదు. నేను విన్న ప్రతి దెయ్యం కథ వెనకా ఇలాంటి రాయని కాగితం ఒకటి ఉంటుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

రెండేళ్ళ క్రితం డిసెంబరు, రెండో ఆదివారం జరిగినది రాస్తున్నాను. టైములన్నీ నా పుస్తకంలోవి. గుర్తు మీద రాసినవి కావు.

మా అన్నయ్య కొడుకు కిశోర్‌కి ఆటోనగర్‌లో లేత్ వర్క్‌షాపు ఉంది. వాడికి సైకిలు పిచ్చి. లావు టైర్లు, గేర్లు ఉన్న కొండ సైకిళ్ళు. దువ్వాడ అవతల కొండ మీద ఏటా ఒక పందెం జరుగుతుంది. జట్టుకు ముగ్గురు. ఒక్కొక్కరే తొమ్మిది కిలోమీటర్ల దారి చుట్టి వచ్చి, తర్వాతివాడిని పంపాలి. పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు ఎవరు ఎక్కువ ల్యాపులు కొడితే వాళ్ళు గెలిచినట్టు.

అంతకు ముందు ఏడాది ఒకతను కొండమీద దారి తప్పితే రెండు గంటల దాకా ఎవరూ గమనించలేదట. కిశోర్ నా దగ్గరికి వచ్చి, "అత్తా, మీ టైమ్ ఆఫీసు పద్ధతి మాకు పెట్టి పెట్టు" అన్నాడు.

వన్ టౌన్‌లో ఇత్తడి సామాన్ల కొట్టులో నలభై రెండు బిళ్ళలు చేయించాను. పద్నాలుగు జట్లు, జట్టుకు మూడు. ఒక చెక్క బోర్డుకు నలభై రెండు మేకులు కొట్టించాను. వెళ్ళేవాడికి అతని టోకెను నేనే తీసి చేతికిస్తాను. తిరిగి వచ్చి తన మేకుకు తగిలిస్తేనే తర్వాతివాడు కదలాలి. టోకెను బోర్డు మీద లేదంటే మనిషి కొండమీద ఉన్నట్టు. మామూలుగా పట్టే సమయం మీద ఇరవై ఐదు నిమిషాలు దాటితే ఇద్దరు మనుషులు వెతకడానికి వెళ్ళాలి. ఆ నియమం కూడా నేనే పెట్టించాను.

కిశోర్ జట్టు ఏడోది. వాడి టోకెను పంతొమ్మిది. అదే వర్క్‌షాపులో వెల్డరు అప్పలరాజుది ఇరవై. పోర్టులో క్రేన్ నడిపే జేమ్స్‌ది ఇరవై ఒకటి.

ఆ రోజు సముద్రంలో అల్పపీడనం. వాన అనలేం, ఆగిందనీ అనలేం. కొండ సగం నుంచి పైకి కనబడటం లేదు. అప్పలరాజు మాత్రం నోరు మూయడు. జేమ్స్‌ని పట్టుకుని, "ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి కొండెక్కినావు బావా, పైనున్నాయన సూత్తన్నాడు" అన్నాడు. "ఈ మబ్బులో ఆయనకి నీ మొకం నా మొకం ఒకటే బావా" అన్నాడు జేమ్స్. టోకెను ఇస్తుంటే అప్పలరాజు నాతో, "ఇది పారేత్తే జీతం కోత్తారేటి మేడమ్?" అన్నాడు. ముందు వెళ్ళమన్నాను.

అది 10.45. అతనికి మూడో ల్యాపు. మొదటిది 39 నిమిషాలు, రెండోది 40. జట్టు అప్పటికి రెండో స్థానంలో ఉంది.

11.24కి ఇరవయ్యో నంబరు మేకు మీద పడింది. ఇత్తడి చెక్కకు తగిలిన చప్పుడు విన్నాను. ఎర్ర గ్లవ్‌లో కుడి చెయ్యి. చిటికెన వేలి దగ్గర కుట్టు ఊడి ఉంది. బోర్డు పక్కన తగిలించిన గడియారం చూశాను, నంబరు చూశాను, రాశాను. జేమ్స్ టోకెను తీసి ఇచ్చాను. అతను వెళ్ళిపోయాడు.

ముఖం చూశావా అని తర్వాత అందరూ అడిగారు. చూడలేదు. షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాల్లో నాలుగు వందల మంది గేటు దాటేవారు. చెయ్యీ టోకెనూ చూడటమే నాకు అలవాటు. ముఖాలు చూస్తూ కూర్చుంటే నంబరు తప్పుతుంది.

పన్నెండు దాటిన ఐదు నిమిషాలకు అప్పలరాజు భార్య రమణమ్మ క్యారియరు పట్టుకుని వచ్చింది. "మా ఆయన ఏడమ్మా?"

బోర్డు వైపు చూపించాను. "దిగిపోయాడు. ఎక్కడో నడుం వాల్చి ఉంటాడు. మళ్ళీ వంతు పన్నెండున్నర దాటాకే."

ఆమె ఫోన్ చేసింది. జట్టు టెంటులో అతని సంచిలోంచే మోగింది. సంచి ఇక్కడే ఉంది కాబట్టి మనిషీ ఇక్కడే ఉన్నాడని నేను అనుకున్నాను.

పావుగంట తర్వాత మళ్ళీ వచ్చింది. "సైకిలు కూడా కనబడ్డం నేదమ్మా."

మెకానిక్ దగ్గర ఉంటుందన్నాను. లేచి చూడలేదు. ఆ సమయంలో మూడు జట్లు ఒకేసారి దిగుతున్నాయి.

పన్నెండూ ముప్పై ఐదుకి మూడోసారి వచ్చింది. క్యారియరు అలాగే చేతిలో ఉంది. "నాకు మనసు ఆగట్లేదమ్మా. ఓ మనిషిని కొండ మీదికి పంపండి."

"ఎవరి కోసం పంపమంటావు? కొండమీద ఉన్నవాళ్ళ పేర్లు ఇవిగో. అందులో మీ ఆయన లేడు. పదకొండూ ఇరవై నాలుగుకు వచ్చాడు, నేనే రాశాను" అన్నాను. గొంతు కాస్త పెంచే అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నా మాటే సరైనదన్నట్టు తలూపారు. నా లెక్క తప్పదని అక్కడ అందరికీ తెలుసు.  ఆమె కొండవైపు తిరిగి నిలబడింది.

జేమ్స్ 12.09కే దిగి కిశోర్‌ని పంపాడు. కిశోర్ 12.49కి వచ్చి టోకెను తగిలించాడు. తర్వాత వెళ్ళాల్సింది అప్పలరాజు. బయల్దేరే గీత దగ్గర ఎవరూ లేరు.

"రాజు ఏడి అత్తా?" అన్నాడు కిశోర్. నేను మళ్ళీ బోర్డు చూశాను. ఇరవయ్యో నంబరు మేకు మీదే ఉంది.

మెకానిక్ దగ్గర అతని సైకిలు లేదు. టీ దుకాణంలో లేడు. టెంట్లలో లేడు. రమణమ్మ అప్పటికే కొండ దారి పట్టి నడుస్తోంది. ఆమె వెనక ఎనిమిది మంది వెళ్ళారు.

1.40కి దొరికాడు. మూడో మలుపు దగ్గర, దారికి పది పన్నెండు అడుగుల కింద, ముళ్ళపొదల్లో. సైకిలు అతని మీద పడి ఉంది. కుడి తొడ విరిగి, మోకాలి పైన నరం తెగి, కింద మట్టంతా నెత్తురుతో తడిసిపోయి ఉంది. స్పృహ ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాడు. కిశోర్ పొదలు తప్పించుకుని దిగగానే అప్పలరాజు వాడి చెయ్యి పట్టుకుని, "నా వంతు వచ్చీసిందా?" అన్నాడట. లేవబోయాడట కూడా.

గాజువాకలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడో రోజున మోకాలి పైదాకా కాలు తీసేశారు. కనీసం ఓ గంట ముందు తెచ్చి ఉంటే కాలు నిలిపే ప్రయత్నం చేసేవాళ్ళమని డాక్టరు కిశోర్‌తో అన్నాడు.

ఆ గంట లెక్క నేను వేశాను. 11.24కి రావలసినవాడు. దానికి ఇరవై ఐదు కలిపితే 11.49. టోకెను బోర్డు మీద లేకపోయి ఉంటే ఆ నిమిషానికి ఇద్దరు మనుషులు బయల్దేరేవారు. వెతకడం మొదలైంది 12.49కి. సరిగ్గా అరవై నిమిషాలు.

ఇక నాకు తెలిసినవి వరసగా చెబుతాను.

అతని చేతికి సైకిలువాళ్ళు పెట్టుకునే గడియారం ఉంది. ఎక్కడెక్కడ తిరిగాడో గీత గీస్తుంది. ఆ గీత 11.01కి మూడో మలుపు దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత 1.40 వరకు అదే చోట చుక్క. కిశోర్ కంప్యూటరులో రెండుసార్లు తెరిపించి చూశాను.

అసలు టోకెను తీసుకోకుండానే వెళ్ళి ఉంటాడా? లేదు. నేనే చేతిలో పెట్టాను. జీతం కోత్తారేటి అన్నది అప్పుడే.

దారిలో పడిపోతే ఇంకెవరైనా తెచ్చి తగిలించారా? 11.24కు ముందు పది నిమిషాల్లో దిగినవాళ్ళు నలుగురు. నలుగురి ఇళ్ళకూ వెళ్ళి విడివిడిగా అడిగాను. ఎవరికీ ఏ బిళ్ళా దొరకలేదు. ఎవరివీ ఎర్ర గ్లవ్స్ కావు. అప్పలరాజు గ్లవ్స్ ఆసుపత్రిలో కత్తిరించి తీశారు, రమణమ్మ దాచింది. కుడిదాని చిటికెన వేలి దగ్గర కుట్టు ఊడి ఉంది.

జేమ్స్ చెప్పినది ఇంకోటి ఉంది. ఆ రోజు టోకెను అందుకునే హడావుడిలో అతనూ ముఖం చూడలేదు. కానీ గొంతు విన్నాడు. "మూడో మలుపు కాడ జారతంది, సూసుకో బావా" అంది ఆ గొంతు. అందుకే అతను మూడో మలుపులో సైకిలు దిగి, నడిపించుకుంటూ దాటాడు. కింద పొదల్లో మనిషి ఉన్నాడు. జేమ్స్‌కి ఏ మూలుగూ వినబడలేదు. ఇది చెబుతూ అతను నా ముందే ఏడ్చాడు. అంతకు ముందు ఆ మనిషి ఏడవడం నేను ఎరగను.

అప్పలరాజును నేను అడిగింది పన్నెండో రోజున. ఒకటే అడిగాను. పిలిస్తే వినబడే దూరంలో మనుషులు సైకిళ్ళ మీద పోతుంటే ఒక్క కేక ఎందుకు వెయ్యలేదు?

"ఎందుకు అరుత్తానమ్మా? నాను వచ్చీసినాను గదా. టోకెను తగిలించీసినాను, మీరు రాసుకున్నారు. బావకి జారతందని సెప్పినాను. టెంటులో తొంగున్నాను. సైకిళ్ళ సప్పుడు ఇనబడతానే ఉంది, అందరూ పక్కనే ఉన్నారనుకున్నాను. కాలు బరువుగుంటే అలుపనుకున్నాను."

 రమణమ్మ మంచం అవతలి నుంచి నన్నే చూస్తోంది. "మీరు రాయకపోయుంటే ఎతికేవోరు గదమ్మా" అంది. నిష్ఠూరంగా అనలేదు. నిజం గనక అంది.

నిర్వాహకులు ఆ ల్యాపును కొట్టేయమన్నారు. కొట్టేస్తే నేను ఆ చెయ్యి చూడలేదని రాసినట్టు. ఉంచితే అతను దిగి వచ్చాడని రాసినట్టు. రెండూ నేను సంతకం పెట్టగలిగినవి కావు. పుస్తకం వాళ్ళకు ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకున్నాను. మళ్ళీ ఏ పందానికీ వెళ్ళలేదు.

దెయ్యం అందామంటే మనిషి బతికే ఉన్నాడు. నా కళ్ళ భ్రమ అందామంటే ఇత్తడి బిళ్ళకు భ్రమ ఉండదు. అప్పలరాజును ఎవరో కాపాడాలని చూశారని చర్చిలో జేమ్స్ సాక్ష్యం చెప్పాడట. నాకది నమ్మబుద్ధి కాదు. ఆ వచ్చినది ఏదైనా, జట్టు ల్యాపు పోకుండా చూసింది, జేమ్స్ పడకుండా చూసింది. పడి ఉన్నవాడి కోసం మాత్రం ఒక్క మాట చెప్పలేదు. ఎందుకో రెండేళ్ళుగా ఆలోచిస్తున్నాను. డెబ్బై మూడేళ్ళు వచ్చాయి, ఇక తేలుతుందన్న ఆశ లేదు.

మొన్న నవంబరులో వాళ్ళింటికి వెళ్ళాను. అప్పలరాజు మళ్ళీ వర్క్‌షాపుకు వెళుతున్నాడు, కూర్చుని చేసే పని. ఆరూ పదికి ఆటో దిగి, పెట్టుడు కాలుతో రెండు మెట్లు ఎక్కి, కుర్చీలో కూర్చున్నాడు. నన్ను పలకరించాడు. కాసేపు గోడ చూశాడు. తర్వాత భార్యతో, "నాను వచ్చీసినానా?" అన్నాడు.

చేపలు తోముతున్న రమణమ్మ తలెత్తలేదు. "వచ్చీసినావు."

రెండు నిమిషాలు గడిచాయి. "ఇంకోపాలి సెప్పు."

"వచ్చీసినావయ్యా. ఇదే ఇల్లు." నా వైపు తిరిగి, "రోజూ ఇదే వరస. మూడుమాట్లు సెప్తే గాని కూడు ముట్టడు" అంది.

మూడోసారి ఆమెను అడగలేదు. నన్ను అడిగాడు. "మీరేటంటారమ్మా?"

"వచ్చావు రాజూ" అన్నాను.

అతను నా ముఖంలోకి చాలాసేపు చూసి నవ్వాడు. "ఆ రోజూ అలాగే రాసీసినారు గదమ్మా" అన్నాడు.

రమణమ్మ చేతులు కడుక్కుని వచ్చి అతని తలమీద అరచెయ్యి పెట్టింది. నేను బయల్దేరి గుమ్మం దాటేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.