యలహంక అవ్వకు చెప్పని జవాబు

మొన్న మహదేవపురలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, మనవరాలు ఏదో గొట్టంలో ఉమ్మి పంపిందట, దాని ఫలితం వచ్చిందని, మన తల్లుల తల్లులు ఏ దారిన నడిచొచ్చారో ఫోనులో రంగుల గీతలు చూపించి మురిసిపోతుంటే, నాకు ఒళ్లు మండిపోయింది. పాపం, దాని మీద కాదు.

ఉద్యోగపు తొలి రోజుల్లో మా ప్రొఫెసరుగారి వెంట నెత్తుటి సీసాలూ మాటల పట్టికలూ మోసుకుని తిరిగేదాన్ని. ఎవరి భాష ఎవరి భాషకు చుట్టమో, ఎవరి రక్తంలో ఏ పాత గుర్తు మిగిలిందో పక్కపక్కన పెట్టి చూస్తే, రాతలే లేని కాలంలో మనుషులు ఎటునుంచి ఎటు నడిచారో తేలుతుందని ఆయన చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాళ్లం. యలహంక అవతల రాళ్లు కొట్టే సీమవాళ్ల గుడిసెలుండేవి. అక్కడి పెద్దామె, అందరికీ అవ్వే, నిప్పుకూ నీళ్లకూ మేనమామకూ తమ మాటలన్నీ విసుక్కోకుండా చెప్పింది గాని, సూదికి మాత్రం, ముందు మాట ఇస్తేగాని చెయ్యి చాపనంది. తమకు మాట ఇచ్చేవాళ్లెవరైనా ముందు అవ్వ ఇంటి చెంబుతో నీళ్లు తాగాలని వాళ్ల పద్ధతి. సారు తన ఫ్లాస్కు చూపించి తప్పుకున్నారు. నేను తాగాను.

"మమ్మల్ని అందరూ యాడ్నించో వచ్చినోళ్లంటారు. మేము యాడోళ్లమో తేలినాక నువ్వొచ్చి చెప్పల్ల పాపా," అంది అవ్వ. వస్తానన్నాను. అప్పుడు సూదికి చెయ్యి చాపింది.

తేలింది. వ్యాసం అచ్చయింది, సారుకు శాలువాలు కప్పారు, అవ్వ అందులో ఒక నంబరుగా మిగిలింది. వెళ్లి చెబుదామంటే, వాళ్లకేం అర్థమవుతుందమ్మా అన్నారాయన. ఎంత సిగ్గుమాలిన మాట! తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. మరి నేనేం చేశాను? యలహంక బస్సు నాకు తెలియనిదా? ఆయనకు కోపమొస్తే ఉద్యోగం ఊడుతుందని నోరు మూసుకున్నాను. చివరికి ధైర్యం చేసి వెళ్లేసరికి గుడిసెలు లేవు, లేఔటు రాళ్లు పాతి ఉన్నాయి. మీరు ఈ ఊరివాళ్లు కారంటూ ఖాళీ చేయించారని టీ కొట్టతను చెప్పాడు. ఎటు పోయారో అతనికీ తెలియదు.

ఇప్పుడు ఉమ్మి పంపితే చాలు, జవాబు ఇంటికొస్తుంది. ఆ రోజు నెత్తురిచ్చి, నీళ్లు తాగించి అడిగినా రాలేదు. చెప్పాల్సింది పెద్ద శాస్త్రమేమీ కాదు. పోలిక కోసం అప్పట్లో నా నెత్తురూ పరీక్షించారు. ఎన్నో వేల ఏళ్ల కిందట ఈ నేలకు వచ్చిన ఒక తల్లి గుర్తు అవ్వలో ఉంది, అదే నాలోనూ ఉంది. మొన్న మనవరాలు ఇది మన గీత అమ్మమ్మా అని గర్వంగా వేలు పెట్టి చూపించింది కూడా దాన్నే. ఆ గీతే ఉన్న అవ్వను ఈ ఊరిదానివి కావని వెళ్లగొడుతుంటే, అది అబద్ధమని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే.