పెద్దమ్మ మాటల మధ్య ఖాళీ

మా పక్కింటి పెద్దమ్మ ఈ ఆషాఢంలో పోయింది. ఇది ఇప్పుడే రాయాల్సి వచ్చింది, ఎందుకంటే ఆమె గొంతు కావాలని ఒక ప్రకటనల కంపెనీ అడిగింది. రాఖీ పున్నమికి ఆమె కొడుకు, కోడలు జవాబు చెప్పాలి. చెప్పేముందు మిమ్మల్ని అడగమన్నారు. మీలో చాలామంది ఆ గొంతు వింటూ బీడీలు చుట్టినవాళ్ళే.

భవాని పేట్‌లో మా గోడకు ఆనుకునే ఆమె ఇల్లు. పొద్దున్నే అరుగు నిండా ఆడవాళ్ళు, ఒళ్ళో చాటలు, తడిసిన తునికాకు వాసన, కత్తెరల చప్పుడు. గోడవతల బట్ట నేసే సాంచాలు ఆడుతుంటే ఆ అరుగు మెల్లగా ఊగుతున్నట్టుండేది. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. పెద్దమ్మ రోజూ పేపరు నాచేత చదివించుకునేది.

"చదువు బిడ్డా. మా చేతులు ఖాళీ లేవు గని చెవులు ఖాళీగనే ఉన్నయి."

తర్వాత పేపరు పోయి ఫోను వచ్చింది. దాన్ని స్టీలు చెంబుకు ఆనించి పెట్టేవారు. తంబాకు వేళ్ళతో ఎవరూ ముట్టుకోరు కాబట్టి మధ్యలో ఏ ప్రకటన వచ్చినా చివరిదాకా ఆడాల్సిందే.

"ఏందే, మల్ల ట్రాక్టరొచ్చె!"

"రానీ వదినె. మా అన్నకు కొనియ్యి, గల్లీల దున్నుకుంటడు."

డిగ్రీ అయ్యాక కొంతం చౌక్ దగ్గర ఒక ఆఫీసులో చేరాను. ఎవరు ఏం చూస్తున్నారో ప్రకటనలు చేసేవాళ్ళకు చెప్పడమే మా పని. మా పేటవాళ్ళు ట్రాక్టరు ప్రకటన మొత్తం చూస్తున్నారని అక్కడి కంప్యూటరు చెప్పింది. ఆ మాట పెద్దమ్మకు చెబితే నవ్వి నవ్వి చేతిలో ఆకు జారిపోయింది.

"చేతులకు తంబాకుండె, గంతే. మనసు పడ్డమని రాసుకున్నరా?"

మా ఆఫీసులోనూ నవ్వుకున్నారు. ఆ తర్వాత నుంచి నన్ను ఇళ్ళకు పంపి అడిగిస్తున్నారు.

ఊరవతల కుంభారిలో బీడీలు చుట్టేవాళ్ళకు కొత్త ఇళ్ళు వచ్చాక అరుగు మీది వాళ్ళు ఒక్కొక్కరే అటు వెళ్ళిపోయారు. పెద్దమ్మ కొన్నాళ్ళు ఒంటరిగా చాట పట్టుకుని కూర్చుంది. కోడలే ఫోనులో అందరినీ ఒక గ్రూపులో చేర్చి, మాట ఎలా పంపాలో నేర్పింది. ఇక రోజూ పొద్దున ఆమె గొంతు కుంభారికి వెళ్ళేది.

"కూసున్నరా అందరు?"

అని అడిగి ఆగిపోయేది. ఆ ఖాళీలో కత్తెర, సాంచాలు, దూరంగా ఎవరిదో బిందె నిండుతున్న చప్పుడు. తర్వాత, "ఆఁ, ఇనుండ్రి. రాత్రి నా కలల మన గల్లీ గల్లీ ఒక్క చద్దరు కప్పుకోని పండుకున్నది. దాని కొస కుంభారి దాంక వచ్చింది. ఎవరన్న గుంజిండ్రా?"

మళ్ళీ ఆగేది.

"వాళ్ళ మాట నీకు ఇప్పుడు ఇనపడదు గద పెద్దమ్మా, ఎందుకాగుతవ్?" అన్నాను ఒకసారి.

"అడిగినంక ఆగద్దా బిడ్డా? జవాబు చెప్పనియ్యనిది అడుగుడెందుకు?"

పని మీద కుంభారి వెళ్ళినప్పుడు ఒక గుమ్మం ముందు నిలబడిపోయాను. లోపల చాటల మధ్య ఫోను. "కూసున్నరా అందరు?" అంది అది. "కూసున్నం అత్తమ్మా!" అన్నారు అందరూ, తల ఎత్తకుండానే. సరిగ్గా ఆ ఖాళీలో పట్టింది ఆ జవాబు. ఆ క్షణం నాకు రెండు ఊళ్ళు లేవు, ఒకటే అరుగు.

ఇప్పుడు కంపెనీవాళ్ళు ఆ మాటలన్నీ యంత్రానికి నేర్పిస్తారట. అది ఆమె గొంతుతో, మన తెలుగులో, ఇంటింటి ఫోనులో సరుకుల గురించి చెబుతుందట. కొడుకు ఇచ్చిన కొన్ని మాటలతో ఒక నమూనా చేసి పంపారు. ముగ్గురం కూర్చుని విన్నాం.

"కూసున్నరా అందరు ఇనుండ్రి కొత్త సబ్బొచ్చింది."

కొడుకు కళ్ళు తుడుచుకున్నాడు. "అచ్చం అమ్మనే. ఇట్లన్న బతికుంటది."

కోడలు మాత్రం ఫోను వైపే చూస్తోంది. "ఆగలేదు," అంది. "అత్తమ్మ ఆగుతుండె."

ఆగేలా చేయగలరా అని అడిగాం. ఆగితే వినేవాళ్ళు వెళ్ళిపోతారని జవాబు వచ్చింది.

కొడుక్కి అమ్మ గొంతు వదులుకోబుద్ధి కావడం లేదు. కోడలికి ఇవ్వబుద్ధి కావడం లేదు. ఇద్దరిదీ ప్రేమే. అందుకే విన్నవాళ్ళను అడుగుదామనుకున్నారు. నా ఉద్దేశం ఇక్కడ రాయను. అడిగాక ఆగాలని నాకు నేర్పింది ఆమే.

ఇవ్వమంటారా, వద్దంటారా? మన దేవుడి రథం బయలుదేరే రాఖీ పున్నమి లోపల అదే గ్రూపులో మీ గొంతుతో చెప్పండి. కుదిరితే అరుగు దగ్గరికి రండి. కోడలు ఇప్పటికీ పొద్దున్నే చెంబుకు ఫోను ఆనించి ఒక పాత మాట పెడుతుంది. "కూసున్నరా అందరు?" అని వినిపిస్తుంది. తర్వాత కత్తెర చప్పుడు, సాంచాల చప్పుడు, ఎవరిదో బిందె నిండుతూ ఉంటుంది.